అరవై నాలుగు గళ్ల సంఖ్య ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ సంఖ్యకు ఇరవై అంకెలు: 18446744073709551615. ప్రస్తుత కాపురం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న నల్లగండ్లలో. అక్కడి అపార్ట్‌మెంట్లలో తెరిచి ఉన్న దాదాపు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ దానికి చోటుంది. 64 బిట్లలో రుణ గుర్తు లేకుండా (అన్‌సైన్డ్‌గా) దాచగలిగే పూర్ణసంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది అదే. బిట్లుగా రాస్తే అరవై నాలుగూ ఒకట్లే. ఆ ఒకట్లనే రుణ సంఖ్యల పద్ధతిలో చదివితే మాత్రం −1 అవుతుంది. అందుకే ప్రోగ్రామ్ లాగ్‌లో ఈ ఇరవై అంకెలు కనబడగానే అనుభవమున్న ఇంజినీరు, ఎక్కడో మైనస్ ఒకటి అన్‌సైన్డ్‌లోకి వెళ్లిందేమోనని ముందుగా వెతుకుతాడు.

అయితే ఇది కంప్యూటర్లతో పుట్టిన సంఖ్య కాదు. తెలుగులో దానికి ఊరూ పేరూ ఇచ్చినవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని ‘సారసంగ్రహ గణితం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. చదరంగం బల్ల మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తమెంత? జవాబును మల్లన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. అంకెలకు బదులు మాటలు పెట్టాడు: చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, ఆకాశమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడుస్తూ ఇరవై అంకెలూ చెప్పాడు. ఇవాళ కంప్యూటర్‌తో సరిచూసినా ఒక్క అంకె తేడా రాదు. తన జీవితంలో ఈ సంఖ్య అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది ఆ పద్యాన్నే.

ఇక దాని వంశం సంగతి. ప్రధాన సంఖ్యలకు లోకంలో మర్యాద ఎక్కువ. ఇదేమో సంయుక్త సంఖ్య. ఆ విషయం పైపైన చూసినా తెలిసిపోతుంది: చివర 5 ఉంది కాబట్టి ఐదుతో భాగించవచ్చు, అంకెల మొత్తం 87 కాబట్టి మూడుతోనూ భాగించవచ్చు. అసలు అందం లోపల ఉంది.

రెండుతో మొదలుపెట్టి వర్గాలు చేస్తూ పోతే 2, 4, 16, 256, 65536, 4294967296 వస్తాయి. ఒక్కోదానికి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటినీ గుణిస్తే వచ్చేది సరిగ్గా ఈ సంఖ్యే. కారణం బడిలో చదివినదే: ఒక సంఖ్యకు ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ గుణిస్తే దాని వర్గం కన్నా ఒకటి తక్కువ వస్తుంది. 3×5=15, 15×17=255, 255×257=65535. అలాగే చివరిదాకా.

ఆ ఆరూ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో ఆయన మాట నిలబడింది. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ విడగొట్టాడు: 641×6700417. దాంతో ఈ సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు తేలాయి. ఏదీ రెండుసార్లు రాదు కాబట్టి మొత్తం భాజకాలు 128.

వాటిలో కొన్నిటికి జ్యామితిలోనూ పని ఉంది. స్కేలు, వృత్తలేఖినితోనే 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని 1796లో గౌస్ నిరూపించాడు. 641, 6700417 కలవని భాజకాలు, ఒకటిని వదిలేస్తే, 31. అలా గీయగల బేసి భుజాల క్రమ బహుభుజుల్లో ఇవాళ్టికి తెలిసినవి కూడా ఆ 31 మాత్రమే. విడిపోగలగడం వల్లనే తనకు ఇంత సంపద దక్కిందన్నది ఈ సంఖ్య నమ్మకం.

నల్లగండ్లలో దానికి కష్టమొచ్చేది బ్రౌజర్‌లో. జావాస్క్రిప్ట్ కన్సోల్‌లో మామూలుగా టైప్ చేస్తే 18446744073709552000 అని చూపిస్తుంది. అక్కడి సాధారణ సంఖ్యలకు కచ్చితత్వం 53 బిట్ల వరకే. మల్లన పదిలంగా చెప్పిన ఒకట్ల, పదుల, వందల, వేల స్థానాలు అక్కడ చెదిరిపోతాయి. చివర ఎన్ అక్షరం చేర్చితే అది బిగ్‌ఇంట్ అవుతుంది, ఇరవై అంకెలూ నిలుస్తాయి. అలాగే ఎన్ చేర్చిన 641తో భాగిస్తే శేషం సున్నా అని తెర మీదే కనబడుతుంది.