మనసు డాక్టరుకి టెండరు

హైదరాబాదులో ఈమధ్య ఒక కొత్త రకం మనుషులు తయారయ్యారు. మనసు బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని వీళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదుటివాళ్ళకి వీళ్ళే చెబుతారు. వెళ్తారు కూడా. ఒకసారి వెళ్తారు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ "సెట్ కాలేదు" అంటారు. తర్వాత ఇంకొకరి దగ్గరికి వెళ్తారు, అక్కడా ఒకసారే. సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళయితే ఫోన్లో చుక్కలు లెక్కపెట్టి ఈ పని చేస్తారు. పెద్దవాళ్ళు ఎవరి పద్ధతిలో వాళ్ళు. ఈ రెండో తెగలో మా బావగారిని మించినవాడు కూకట్‌పల్లిలో లేడని మా అక్క అభిప్రాయం. నేను మియాపూర్ దాకా కలుపుతాను.

బావగారు నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. సర్వీసంతా గోదావరి డెల్టాలోనే. లాకులు, షట్టర్లు, గట్లు, ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు చేయించాల్సిన పనులు, ఆ పనులకి టెండర్లు. రిటైరయి హైదరాబాదు వచ్చాక ఆయన నిద్రపోవడం మానేశారు. రాత్రి రెండింటికి లేచి గ్యాసు రెగ్యులేటరు కట్టేసి ఉందో లేదో చూసొస్తారు. మూడింటికి వీధి తలుపు గడియ. నాలుగింటికి మళ్ళీ రెగ్యులేటరు, ఈలోగా ఎవరో వచ్చి తిప్పినట్టు. దానికితోడు గుండె దడ. ఈసీజీ తీయించారు, టూడీ ఎకో చేయించారు, ట్రెడ్‌మిల్లు ఎక్కారు. అన్నీ నార్మల్. రిపోర్టు నార్మల్ వచ్చిందని అంత దిగాలుపడ్డ మనిషిని నేను చూడలేదు. గుండె డాక్టరు ఫైలు మూసేస్తూ, "ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి సార్" అన్నాడట.

వేరే వాళ్ళయితే ఈ మాటకి కోపం తెచ్చుకుంటారు, లేదా తిరుపతి వెళ్ళొస్తారు. బావగారు ఆ సాయంత్రమే అట్ట వేసిన పెద్ద రిజిస్టరు ఒకటి కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గళ్ళు గీశారు. పేరు, అర్హత, అనుభవం, సిట్టింగుకి ఫీజు, ఇంటి నుంచి దూరం, పార్కింగు, లిఫ్టు. చివర్న వెడల్పుగా "రిమార్కులు". ఉద్యోగంలో ఉండగా దీన్ని కంపారిటివ్ స్టేట్‌మెంట్ అనేవారు. ఆయన జీవితంలో ఏ పనీ అది లేకుండా మొదలవలేదు. అక్కతో పెళ్ళి ఒక్కటే నామినేషన్ మీద జరిగింది, అది వాళ్ళ నాన్న చేసిన పని.

ఈ రిజిస్టరు పుణ్యమా అని ఆయన నేర్చుకున్నది తక్కువేం కాదు. సైకియాట్రిస్టంటే ఎంబీబీఎస్ అయ్యాక మళ్ళీ ఆ శాస్త్రంలో ఎండీయో డిప్లొమాయో చేసిన డాక్టరు, మందులు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయడు, మాటలతో నడిపిస్తాడు. అతని పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో ఉండాలి, ఆ నంబరు అడిగి చూసుకునే హక్కు మనకుంది. కొందరికి ఒకరు చాలు, కొందరికి ఇద్దరూ కావాలి. ఇక ఉత్త "కౌన్సెలర్" అన్న బోర్డు కింద ఎవరున్నారో లోపలికెళ్ళి సర్టిఫికెట్లు చూసుకుంటే గాని తెలీదు. ఈ తేడాలన్నీ బావగారు మా అందరికీ వడ్డించారు, భోజనాల దగ్గర. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షను ప్రకారం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మనసు జబ్బులకీ ఇన్సూరెన్సు ఇచ్చి తీరాలని కూడా ఆయనే చెప్పారు. మరి మీ పాలసీలో క్లెయిము చేసుకోవచ్చుగా అన్నాను. ఏజెంటు ఆయన పెదనాన్న కొడుకట. చట్టం అంతటితో ఆగిపోయింది.

వాళ్ళ అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. థెరపిస్టుని కుదుర్చుకునే ముందు పదిహేను నిమిషాలు ఫోన్లో ఉచితంగా మాట్లాడొచ్చని, ఇక్కడ కూడా కొందరు అలా ఒప్పుకుంటారని ఆ పిల్లే చెప్పింది. చెప్పినందుకు ఇప్పుడు బాధపడుతోంది. బావగారు దానికి ప్రీ-బిడ్ మీటింగ్ అని పేరు పెట్టి, ఊళ్ళో ఉన్న ఉచిత పదిహేను నిమిషాలన్నీ వాడేశారు.

మొదటి డాక్టరు ఎర్రగడ్డ దగ్గర. మన సినిమాల్లో, మన ఇళ్ళల్లో ఆ ఊరి పేరు ఎందుకు వాడతామో ఎవరికీ చెప్పక్కర్లేదు. అక్కడున్న మానసిక చికిత్సాలయం వల్ల పాపం ఆ ఊరి మెట్రో స్టేషనులో దిగడానికి కూడా ధైర్యం కావాలి. బావగారు ఎర్రగడ్డలో దిగలేదు. రైల్లోనే కూర్చుని తర్వాతి స్టేషను ఈఎస్ఐ హాస్పిటల్ దగ్గర దిగి, ఎండలో వెనక్కి నడిచారు. తెలిసినవాళ్ళు కనబడితే చెప్పడానికి చేతిలో ఎక్స్‌రే కవరొకటి. డాక్టరు పెద్దాయన, చేయి తిరిగినవాడు. నాలుగు ప్రశ్నలు వేసి, నిద్ర పట్టడానికీ ఆందోళన తగ్గడానికీ మందు రాసి, మూడు వారాల తర్వాత రమ్మన్నాడు. రిమార్కు: "మాట్లాడలేదు. బిళ్ళలు రాశాడు." రెండో ఆవిడ క్లినికల్ సైకాలజిస్టు. రిమార్కు: "బిళ్ళలు రాయలేదు. మాట్లాడించింది." రెండు రిమార్కులూ ఒకే పేజీలో, ఒకే పెన్నుతో ఉన్నాయి.

మూడో అమ్మాయి మాటతీరు బాగుందట. బాగుండటమే కొంప ముంచింది.

"ఏ ఊరమ్మా మనది?"

"తణుకు దగ్గరండీ. ఇప్పుడు మీ నిద్ర గురించి..."

"తణుకు దగ్గరంటే?"

"వేల్పూరండీ."

"వేల్పూరులో రైసుమిల్లు వాళ్ళు తెలుసా?"

"మా మేనత్తగారి ఇల్లేనండీ."

బావగారు లేచి నిలబడ్డారు. ఆ రైసుమిల్లు మా చిన్నక్క వియ్యంకుడిది. ఇక్కడ చెప్పింది గది దాటదని, తన వృత్తిధర్మమే కాదు చట్టం కూడా అదే చెబుతోందని ఆ అమ్మాయి నచ్చజెప్పబోయింది.

"చట్టం సంగతి నాకు తెలుసమ్మా. నీకు వేల్పూరు సంగతి తెలీదు" అని ఫీజిచ్చి వచ్చేశారు.

చుట్టరికం తగలకుండా ఉండాలని ఈసారి పుణే ఆవిడని ఎంచారు. ఆవిడకి తెలుగు రాదు. బావగారికి ఇంగ్లీషు వచ్చు గాని అది ఫైళ్ళలో పెరిగిన ఇంగ్లీషు. "విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్ ఎబవ్, స్లీప్ ఈజ్ నాట్ కమింగ్" అని మొదలుపెట్టారట. రాత్రి రెండింటికి వంటింట్లో చీకట్లో నిలబడితే కడుపులో ఎలా ఉంటుందో ఆ భాషలో చెప్పడానికి ఆయన దగ్గర ప్రొఫార్మా లేదు. ఇక్కడ మాత్రం నేను ఆయన పక్షమే. ఏ భాషలో ఏడుస్తామో ఆ భాష వచ్చినవాళ్ళు కావాలనుకోవడం గొంతెమ్మ కోరికేం కాదు. తెలుగు రాష్ట్రాల్లో తెలుగులో దిగులు వినేవాళ్ళ కోసం ఇంత వెతకాల్సి రావడం బావగారి తప్పు కాదు.

మిగతావి చకచకా సాగిపోయాయి. ఒకామె మా అమ్మాయి కంటే చిన్నది, సంసారం ఈదినవాళ్ళ గోడు ఏం తెలుసు? ఒకాయన మరీ పెద్ద, తనే నిద్రపోతున్నాడు. ఒకరి దగ్గర లిఫ్టు లేదు. ఒకరు ఎక్కువ వింటారు, "డబ్బులిచ్చి నేనే మాట్లాడాలా?" ఒక అర్ధరాత్రి అక్క పోరు పడలేక టెలీ-మానస్‌కి, అదే 14416కి ఫోన్ చేశారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. అవతలి పిల్లని ఆ పథకానికి కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత అని అడిగారు. ఆ పిల్ల ఓపిగ్గా తనకి తెలిసింది చెప్పి, "మరి మీకెలా ఉందండీ?" అంది. "సిగ్నల్ పోయింది" అన్నారు బావగారు, మాతో. ఫోన్లో నాలుగు గీతలూ ఉన్నాయి.

ఇన్నాళ్ళ వేటలో ఆయనకి నూటికి నూరు నచ్చింది ఒకే ఒక్కడు. గాజు తలుపులు, గోడ నిండా పెద్దవాళ్ళతో దిగిన ఫొటోలు, నీళ్ళు పడుతున్న చప్పుడు చేసే బొమ్మ. పేరు కింద "మైండ్ ట్రాన్స్‌ఫర్మేషన్ కోచ్". బావగారు ఏమన్నా, "కరెక్ట్ సార్, సమస్య మీది కాదు, మీ చుట్టూ ఉన్నవాళ్ళది" అన్నాడట. చుట్టూ ఉన్నది అక్క. ఆరునెలల ప్యాకేజీ, ముందుగా కడితే తగ్గింపు. బావగారు చెక్కుబుక్కు కోసం ఇంటికొస్తే అక్క ఆ "అర్హత" గడిలో ఏం రాశారో చూసింది. ఖాళీ. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అర్హత గడి ఖాళీగా ఉన్న బిడ్డు తెరిచిన పాపాన పోని మనిషి, తనని మెచ్చుకున్నవాడికి ఆ గడి మినహాయించారు. అక్క ఒక్కటే అడిగింది: "ఇదే కాంట్రాక్టరయితే కాలవ అప్పజెబుతారా?" చెక్కు ఆగింది. రెండు రోజులు మాటలూ ఆగాయి.

ఆ తర్వాత ఎక్కడో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1979లో రాసిన వ్యాసం గురించి చదివారు. వైద్యం పద్ధతి ఏదైనా సరే, ఇద్దరూ కలిసి పెట్టుకున్న లక్ష్యం, దానికోసం చేసే పని, ఇద్దరి మధ్య కుదిరే బంధం, ఈ మూడూ ముఖ్యమన్నది ఆయన వాదం. బావగారు వెంటనే స్కేలు తీసి కొత్త గడి గీశారు: "బంధం, పదికి". అందరికీ సున్నాలు పడ్డాయి. పడక ఏం చేస్తాయి? మార్కులు వేసేది మొదటి యాభై నిమిషాలకి, అందులో నలభై ఈయన ప్రశ్నలకే చాలవు. నాకైతే ఆ రిజిస్టరే ఆయన జబ్బుకి బంగళా కట్టి పెట్టినట్టు కనిపిస్తుంది. పక్కవాళ్ళ లోపాలు వెతుకుతున్నంతసేపూ తన సంగతి ఎవరూ ఎత్తరు.

ఎత్తిన మనిషి రిజిస్టరులో ఒకరున్నారు. రెండో ఆవిడ, బిళ్ళలు రాయకుండా మాట్లాడించిన ఆవిడ. "ఇలా రాత్రిళ్ళు లేచి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి రావడం మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదాండీ?" అని అడిగిందట. రిమార్కుల గడిలో రెండో వరస అదే: "సంబంధం లేని ప్రశ్నలు." బావగారి నాన్నగారేం చేసేవారంటే ఆయన ఎప్పుడూ "ఇరిగేషన్‌లోనే" అంటారు. అది నిజమే. కాలవ మీద లస్కరు. వరదల్లో రాత్రంతా లాంతరు పట్టుకుని షట్టర్ల దగ్గర తిరిగేవాడని, పిల్లవాడు వెనకాల గొడుగు పట్టుకుని నడిచేవాడని వాళ్ళ అత్తగారు అక్కకి చెప్పింది. బావగారు ఎవరికీ చెప్పలేదు.

ఇదిలా ఉండగా అపార్ట్‌మెంటులో ఈయన పరపతి పెరిగిపోయింది. పక్క ఫ్లాటు కుర్రాడు గంటల తరబడి చేతులు కడుగుతూ పరీక్షకి ఆలస్యమవుతున్నాడని వాళ్ళమ్మ ఏడిస్తే, బావగారు రిజిస్టరు తిరగేసి, "దీన్ని ఓసీడీ అంటారమ్మా. ఊరికే ధైర్యం చెప్పేవాళ్ళ దగ్గరికి వద్దు. ఈఆర్‌పీ అనే పద్ధతి ఉంది, అది నేర్చుకున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి" అని పేరు, వేళలు, పార్కింగు సహా రాసిచ్చారు. ఆ కుర్రాడు కుదుటపడుతున్నాడు. కాన్పయ్యాక మనిషి మనిషిలా లేని మూడో అంతస్తు కోడలికి, ఇది బద్ధకం కాదు జబ్బని ఆమె అత్తగారికి చెప్పి ఒప్పించి, సైకియాట్రిస్టు దగ్గరికి ఆటో పిలిచింది ఈయనే. అందరికీ ఒకటే మాట: "ఒక్కసారికే తేల్చెయ్యకండి. నాలుగైదు సిట్టింగులు చూడండి. నచ్చకపోతే ఆ మాట వాళ్ళ మొహం మీదే చెప్పండి, మొహమాటపడొద్దు. మంచివాళ్ళయితే ఏమీ అనుకోరు, అవసరమైతే వాళ్ళే ఇంకొకరి పేరు చెబుతారు."

"మరి మీరెవరి దగ్గర చూపించుకుంటారు సార్?" అని లిఫ్టులో సెక్రటరీ అడిగాడట.

"నాది రీటెండర్‌లో ఉంది" అన్నారు బావగారు.

మొన్న గురువారం పెన్షన్ ఆఫీసులో పనుందని బయల్దేరారు. పెన్షన్ కాగితాల బదులు ఎక్స్‌రే కవరు పట్టుకెళ్ళడం అక్క చూసింది, ఏమీ అనలేదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి సోఫాలో మండిపడుతూ కూర్చున్నారు.

"ఏమైంది బావగారూ?"

"ఆ రెండో ఆవిడ ఉందే... నలభై నిమిషాలు నేను దాని ఫీజు గురించి, దీని రూలు గురించి అడుగుతూ కూర్చున్నానోయ్. చివర్న ఏదో నాన్న మాట వచ్చింది. ధవళేశ్వరంలో నీళ్ళు పెరిగాయని కబురొస్తే మేం ఎలా బయల్దేరేవాళ్ళమో చెప్పడం మొదలుపెట్టాను. ఇంకా గట్టు దాకా కూడా రాలేదు, టైమైపోయిందంది."

"అయ్యో."

"ఎక్స్‌టెన్షన్ ఆఫ్ టైమ్ అడిగాను. సర్వీసులో ఎంతమంది కాంట్రాక్టర్లకి రాసిచ్చి ఉంటాను! వానలన్నా ఇచ్చాను, కూలీలు లేరన్నా ఇచ్చాను. నాకు ఐదు నిమిషాలు ఇవ్వలేదోయ్ ఆవిడ. బయట ఇంకొకరు కూర్చున్నారట."

"మరేం చేశారు?"

"వచ్చే గురువారం నాలుగింటికి రాయించుకొచ్చాను" అని రిజిస్టరు నా ఒళ్ళో పడేసి, "ఆ ఫీజు గడిలో ప్రశ్నలు ఇరవై ఒకటి కాదు, ఇరవై రెండు చెయ్యి, జీఎస్టీ సంగతి అడగడం మర్చిపోయాను" అన్నారు.