33 శాతం గాలి

మన తుపానులకు రూల్సు తెలియవు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్‌నే చూడండి. బయల్దేరే ముందు విపత్తు సాయం నిబంధనలు ఓసారి తిరగేసి ఉంటే అందరికీ సుఖంగా ఉండేది. పంట 33 శాతం పోతేనే పోయినట్టు లెక్క. గాలి 32 దగ్గర అలిసి ఆగిందా, ఆ చేలో ఏమీ జరగలేదు. 2015 దాకా ఈ గీత 50 దగ్గరుండేది. అంటే సగానికి ఒక్క పన ఎక్కువ మిగిలినా అదృష్టవంతుడి కిందే లెక్క.

అంచనాల రోజున డెల్టాలో ఏ గట్టు మీద నిలబడ్డా ఒకటే బేరం.

"ముప్పై వేద్దాం బాబాయ్."

"ఇంకో మూడు వెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది. ఆ మూల చూడు, పనల మీదే మొలకలొచ్చాయి."

ధాన్యానికి ధర పెంచమని బేరమాడాల్సిన మనిషి నష్టం పెంచమని ఆడుతున్నాడు. పాపం, అంచనా రాసే ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు? పైనుంచి టార్గెట్, కింద బురద.

సరే, 33 దాటిందనుకుందాం. నీటి వసతి ఉన్న భూమికి కేంద్రం కట్టిన రేటు హెక్టారుకు 17,000. ఎకరానికి దాదాపు 6,900. మిచౌంగ్ వచ్చిన ఏడు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,183. డెబ్బై అయిదు కిలోల బస్తాల్లో చెప్పాలంటే, చేనంతా ఊడ్చుకుపోయినవాడికి చేతిలో పెట్టేది నాలుగు బస్తాల ఖరీదు. దీనికి పెట్టుబడి రాయితీ అని పేరు. పెట్టుబడి ఎంతయిందని అడక్కండి, ఆ గడి ఫారంలో లేదు. 2024 వరదల తర్వాత రాష్ట్రం వరికి ఎకరానికి పది వేలు చేసింది. ఆ ఏటి మద్దతు ధరలో అది ఆరు బస్తాలకు కాస్త తక్కువ. మెచ్చుకోవాల్సిందే, మెచ్చుకున్నాం.

మిచౌంగ్ డబ్బులకు బటన్ నొక్కింది 2024 మార్చిలో. చేను మునిగింది డిసెంబరులో. ఈలోగా వడ్డీ ఆగిందా అంటే, దానికి సెలవులుండవు.

అసలు కథ ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందన్నది. మోకాలి లోతు నీళ్లలో పనలు ఎత్తిపోసింది కౌలు రైతు. ఫోను మోగింది కూకట్‌పల్లిలో, ఆసామి జేబులో. "ఏదో పడిందే" అనుకుని ఆయన మళ్లీ టీవీ పెట్టుకుంటాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పొలం ఎవరి పేరున ఉంటే మనిషి అక్కడే ఉన్నట్టు మన రికార్డుల నమ్మకం.

కౌలుదారుకు కార్డు ఇస్తారుగా అంటారు. ఇస్తారు. 2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం, 11 నెలలకు. యజమాని సంతకం పెడితే. ఆయన పెట్టడు, ఈ రోజు సంతకం, రేపు పొలం అని ఆయన భయం. ఆ భయం పోగొట్టాల్సిన ప్రభుత్వం, వెళ్లి బతిమాలుకోమని కౌలు రైతునే ఆయన గుమ్మం ముందుకు పంపింది.

అయ్యా, తుపానుకు ఎటూ చదువు చెప్పలేం. ఆ సంతకం నిబంధన మాత్రం మీరు రాసిందే. కొట్టేయండి.