పుస్తకం విప్పకండి: కొత్త కారు కొన్నవారికి గుణదల సలహాలు

కారుతోపాటు షోరూమువాళ్లు ఒక లావుపాటి పుస్తకం ఇస్తారు. ప్లాస్టిక్ కవరు చింపకుండా దాన్ని డ్యాష్‌బోర్డు అరలో పడేయండి. అది రాసినవాళ్లెవరూ మన విజయవాడ పడవల రేవు దగ్గర టీ తాగి ఎరగరు. బండి సంగతులు నేర్చుకోవడానికి మనకు సినిమాలున్నాయి, ఆటోనగర్ ఉంది. ఈ రెండూ చాలకపోతే ప్రతి ఇంట్లో ఒక బావమరిది ఉంటాడు.

ముందు సినిమా. ఫ్యాక్షన్ కథల రోజుల్లో తెల్ల సుమోలు వరసగా దుమ్ము రేపుకుంటూ వస్తే హాలంతా ఈలలే. 1994లో వచ్చిన ఆ బండి తయారీ 2019లో ఆగిపోయింది గానీ, సెకండ్‌హ్యాండులో దొరికితే వదలొద్దు. ఎత్తు బండి, మలుపులో ఒరుగుతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. సినిమాలో అది రెండు పల్టీలు కొట్టినా లోపలున్న హీరోకి క్రాపు చెదరదు. అలా పల్టీ కొట్టించే బండికి అడుగున ఫిరంగి లాంటి గొట్టం, లోపల ఇనుప చట్రం బిగిస్తారట. మనం బిగించం, అంతే తేడా.

‘కల్కి 2898 ఏడీ’ కోసం మహీంద్రావాళ్లు, కోయంబత్తూరు జయెమ్‌వాళ్లు కలిసి చేసిన బుజ్జిని తీసుకోండి. ఆరు టన్నుల బరువు, ముందు రెండు చక్రాలు, వెనక గుండ్రంగా ఒకటి. అంత బండి మూడింటి మీద పరుగెత్తింది. మీ స్విఫ్ట్‌కి నాలుగున్నాయి, ఒక టైరు నున్నగా అరిగిపోతే మాత్రం ఏం కొంపలు మునిగాయి? కొన్న రోజునే కొండ కింద పూజ చేయించి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించారు కదా. ఆ తరవాత కూడా గాలి చూపించుకుంటూ తిరగడం అమ్మవారిని అనుమానించినట్టే.

ఇక సామాన్లు. లారీ బాడీ దగ్గర్నుంచి స్కూటర్ నట్టు దాకా ఆటోనగర్‌లో దొరకనిది లేదు. బ్రేక్ ప్యాడ్లు అడిగితే కొట్టతను రెండు పెట్టెలు తీస్తాడు. రెంటి రంగూ ఒకటే, అక్షరాలూ ఒకలాగే ఉంటాయి. చవక పెట్టె మీద కంపెనీ పేరులో మాత్రం ఒక అక్షరం అటుదిటుగా ఉంటుంది. అదే కొనండి. బ్రేకు స్పెల్లింగు చూసుకుని పట్టదు. ప్యాడ్ చివరికొచ్చిందని చెప్పడానికి చాలావాటిలో చిన్న రేకు ముక్క పెడతారు, అది డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. ఆ చప్పుడు మొదలైనప్పుడు స్టీరియో సౌండు పెంచితే సరిపోతుంది.

ఇంజిన్ ఆయిల్ దగ్గర మాత్రం అస్సలు రాజీ పడొద్దు. కొత్త పెట్రోలు బళ్లకు 0డబ్ల్యూ-20 అంటూ నీళ్లలాంటి నూనె పోయమంటారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే సన్నటి దారుల్లోంచి పైదాకా చప్పున పాకడానికట. మీరు 20డబ్ల్యూ-50 చిక్కటిది పోయించండి. అంబాసిడర్ అదే తాగి బతికింది. 2014లో ఉత్తర్‌పారాలో ఫ్యాక్టరీ మూతపడింది కదా అంటారా, అది నూనె తప్పు కాదు. కూలెంటు కూడా దండగే. గడ్డ కట్టకుండా ఆపే మందు గుణదలలో ఎందుకు? అది నీళ్లను తొందరగా మరగనివ్వదు, తుప్పు పట్టనివ్వదు అనే మాటలు పట్టించుకోకండి. బోరు నీళ్లు పోయండి. రేడియేటర్ లోపల తెల్లటి పొర కడుతుంది. అది ఫ్రీగా వచ్చిన కోటింగు. మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బానెట్లోంచి పొగలొస్తే పదిమంది చూస్తారు, బండికి పేరొస్తుంది.

మనకు చలికాలమంటే ధనుర్మాసం. తెల్లవారుజామున గన్నవరం వైపు హైవే మీదికి పొలాల్లోంచి మంచు దిగుతుంది. విమానాలే దిగలేక ఆలస్యమవుతాయి. విమానాలకు లేని ధైర్యం మనకుంది. హై బీమ్ వేయండి. వెలుగంతా మంచుకు కొట్టుకుని వెనక్కొచ్చి ఎదురుగా తెల్ల గోడ నిలబడుతుంది. లో బీమ్ వేస్తే ఏముంది, రోడ్డు కనిపిస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకునే లేన్ మారండి. ఎటు తిరుగుతున్నారో తెలిస్తే వెనకవాడూ అటే వస్తాడు. ధాన్యం బస్తాలతో, వెనక ఎర్ర దీపం లేకుండా ట్రాక్టర్ ఏదైనా వెళుతుంటే, అది మీకు దారి చూపిస్తోందని అర్థం. బాగా దగ్గరగా వెళ్లండి. లోపల అద్దానికి ఆవిరి పట్టిందా? ఏసీ వేస్తే తడి లాగేసి క్షణాల్లో తేటపడుతుంది గానీ, జనవరిలో ఏసీ వేశారని తెలిస్తే పరువేం కావాలి! అరచేత్తో తుడవండి, ఆ మరకలు సంక్రాంతి దాకా ఉంటాయి.

మిషిగన్‌లో ఉన్న మీ అబ్బాయికి ఈ చిట్కాలు చాలవు. అద్దం మీద మంచు గడ్డకట్టిందని వాడు పొద్దున్నే చేతికి గీకుడు బద్ద పట్టుకుని అవస్థ పడుతుంటాడు. వీడియో కాల్ చేసి, కాఫీకి పెట్టిన మరిగే నీళ్లు ఒక చెంబుడు దాని మీద గుమ్మరించమనండి. గడ్డ ఇట్టే పోతుంది. దాంతోపాటు అద్దం కూడా పగిలితే, బిల్లు ఫొటో తీసి పెట్టమనండి. ఆటోనగర్‌లో ఐతే అందులో సగానికే వచ్చేదని వాడికి చెప్పే బాధ్యత మనదే.