కాస్త రెప్ప వేయండి గార్డుగారూ!

2022 జనవరిలో రైల్వే బోర్డు ఒక్క ఉత్తర్వుతో దేశంలో ఉన్న గార్డులందర్నీ ట్రైన్ మేనేజర్లను చేసేసింది. జెండా అదే, విజిల్ అదే, బండి చివర బ్రేక్‌వ్యాన్‌లో ఒంటిగా కూర్చుని చేసే ప్రయాణమూ అదే. జీతం పైసా పెరగలేదు. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద పొద్దున్నే చేరే ఒక చిన్న బృందంలో మాత్రం ఆ ఉత్తర్వు రేపిన దుమారం ఇప్పటికీ చల్లారలేదు. వాళ్లలో ఒకాయన ఉత్తర్వు రాకముందే రిటైరైన గార్డు మరి.

“నా దగ్గర జెండా ఊపడం నేర్చుకున్న కుర్రాళ్లు మేనేజర్లయి కూర్చున్నారు. నేనేమో పోయేదాకా గార్డునే” అంటారాయన.

“ఈ ఊరు మాత్రం? 2015 దాకా రాజమండ్రి. జీవో వచ్చింది, రాజమహేంద్రవరం అయింది. గోదారేమైనా అడుగు పక్కకి జరిగిందా? పేరుదేముందండీ!” అని లెక్కల మాస్టారి ఓదార్పు.

“పేరుదేముందని ఆడవాళ్ల ముందు అనకండి మాస్టారూ” అని టెలిఫోన్స్ మేడమ్ అందుకుంటారు. ఇక ఆ పూటకి నడక ఆగిపోయినట్టే.

నాలుగో సభ్యుడు సాఫ్ట్‌వేర్ బాబు. ఒకప్పుడు మాస్టారి దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాడు. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తున్నాడు. ఆ కంపెనీ రేపు ‘ఇక ఆఫీసుకి రండి’ అంటుందో, ‘ఇక రావద్దు’ అంటుందో తెలియని అవస్థలో ఉన్నాడు కాబట్టి, నలుగురిలోకీ వయసులో చిన్నవాడైనా వేదాంతంలో అందరికంటే ముదిరాడు. ఈ నలుగురూ నడిచేది రెండు ఫర్లాంగులు, మాట్లాడేది రెండు గంటలు. డాక్టరు మాత్రం నడక బాగా పనిచేస్తోందని మెచ్చుకుంటున్నాడు.

వాళ్ల చర్చ ఎక్కడ మొదలైనా చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే: నేనెవరు? తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఈ ప్రశ్న ఎవరికి వారే వేసుకోమన్నారు. తీరిక ఉన్నప్పుడు, మనసు నిలిచినప్పుడు, అదీ జవాబుకి తొందర లేకుండా. ఇప్పుడు అదే ప్రశ్నని గ్యాస్ బుకింగ్ వాడు, కొరియర్ వాడు, బ్యాంకు వాడు రోజుకి నాలుగుసార్లు వేస్తున్నారు. జవాబు ఆరంకెల్లో ఉండాలి, రెండు నిమిషాల్లో రావాలి.

మాస్టారికో బజాజ్ చేతక్ ఉంది. ఉందని అనొచ్చా లేదా అన్నదే ఒక వారమంతా నడిచిన చర్చ. ఇంజను ఒకసారి మార్చారు. చక్రాలు, సీటు, హెడ్‌లైటు ఎన్నిసార్లు మారాయో మెకానిక్కే చెప్పాలి. డిక్కీ మూత వేరే బండిది, రంగు చూస్తేనే తెలిసిపోతుంది. “అసలిది మీరు కొన్న స్కూటరేనంటారా మాస్టారూ?” అని బాబు నిప్పు రాజేశాడు.

ఈ పేచీ రెండువేల ఏళ్లకు పైబడినదే. మిలిందుడనే గ్రీకు రాజు నాగసేనుడనే బౌద్ధ భిక్షువును పేరడిగాడు. నాగసేనుడని పిలుస్తారు గానీ ఆ పిలుపు వెనక విడిగా ఒక మనిషంటూ ఎవరూ లేరని భిక్షువు జవాబు. రాజు వదల్లేదు. భిక్షువూ తగ్గలేదు. రాజు ఎక్కి వచ్చిన రథాన్ని చూపించి, ఇరుసా రథం, చక్రాలా, కాడా అని ఒక్కొక్కటీ అడుగుతూ పోయాడు. అన్నింటికీ కాదనే చెప్పాల్సి వచ్చింది రాజుకి.

“ఆ ఇద్దరూ రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లుంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది” అన్నారు మాస్టారు. “ఛాసిస్ నంబరుందా? ఉంటే బండి అదే. ఇంజను మారిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి, అంతే.”

“మరి మనిషికి ఛాసిస్ నంబరేది?”

“ఆధార్!” అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే గిరిజన గ్రామంలో 2010 సెప్టెంబరు 29న ఆ పన్నెండంకెల నంబరు మొదటిసారి ఒకరి చేతికి వచ్చింది. నాగసేనుడికి అందని జవాబు ఆ ఊరికి అందింది. వేదాంతుల దారికీ రవాణా శాఖ దారికీ ఉన్న తేడా ఒకటే. రెండోదాంట్లో ఫీజు కడితే ఏదో ఒకటి తేలుతుంది.

మాస్టారి ఛాసిస్ వాదనకి ఎదురు ఉదాహరణ కూడా బజాజ్ వాళ్లే ఇచ్చారు. పాత చేతక్ ఆగిపోయాక 2020లో అదే పేరుతో కరెంటు స్కూటర్ తెచ్చారు. పెట్రోలు లేదు, కిక్కు లేదు, పక్కకి వంచి స్టార్ట్ చేసే తతంగమూ లేదు. పేరొక్కటే పాతది. అంతదూరం ఎందుకు, గట్టు వెంట కిందికి వెళ్తే ధవళేశ్వరం. కాటన్ దొర పందొమ్మిదో శతాబ్దం మధ్యలో కట్టించిన ఆనకట్ట పాతబడితే 1982 నాటికి కొత్త బ్యారేజీ లేచింది. రాయి వేరు, గేట్లు వేరు, ఇంజనీర్లు వేరు. పేరు మాత్రం సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ. డెల్టా రైతు దండం పెట్టేది ఇప్పటికీ దొరకే.

గార్డుగారి మనసు మాత్రం హేవ్‌లాక్ వంతెన మీదే. 1900లో మొదలై 1997లో సర్వీసు ముగించుకుని, రైళ్లు లేకపోయినా గోదావరిలో అలాగే నిలబడి ఉంది. “పేరు మార్చలేదు, మేనేజరూ అనలేదు. అదండీ రిటైర్మెంటంటే!” అంటారు.

ఆయన రిటైర్మెంటు కథ వేరు. 1953 ఆగస్టు వరదల్లో పుట్టారు. ఊరు నీళ్లలో ఉంటే తాతగారు పిల్లాణ్ణి గంపలో పెట్టుకుని మెరక మీదికి చేర్చారని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ బడిలో వేసినప్పుడు పంతులుగారు తేదీ అడిగితే తాతగారు వరదల సంగతి చెప్పారు. రిజిస్టరులో ‘వరదలు’ అని రాయడానికి గడి లేదు. ఆయన 1-6-1953 అని వేసేశారు. అక్కడితో అయిపోతే బాగుండేది. ఒకటో తారీఖున పుట్టిన ఉద్యోగి అంతకుముందు నెల ఆఖరి రోజునే రిటైరవ్వాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన. అలా ఆగస్టు 31 దాకా చేయాల్సిన గార్డుగారు 2013 మే 31నే జెండా అప్పగించారు. పంతులుగారి ఒక్క కలంపోటుకి మూడు నెలల జీతం పోయింది.

ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా మాస్టారు గోదావరి వైపు తిరిగి కూర్చుంటారు. ఆయన పాతికేళ్ల సర్వీసులో ఎంతమందిని జూన్‌లో పుట్టించారో ఆయనకే తెలుసు. తెలుగు నాట ఓ వయసు దాటినవాళ్లలో ఇన్ని జూన్, జులై పుట్టినరోజులు ఉండటానికి గ్రహాల కదలిక కారణం కాదు, బడులు తెరిచే నెల కారణం. ఫేస్‌బుక్ ఆ రోజున శుభాకాంక్షలు గుమ్మరిస్తే మొహమాటానికి థ్యాంక్స్ చెప్పుకునేవాళ్లు కోకొల్లలు. ఆ విద్యకీ ఇప్పుడు కాలం చెల్లింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి జనన ధ్రువపత్రం ఉండి తీరాలి. మాస్టార్ల చేతుల్లోంచి బ్రహ్మరాత జారిపోయింది.

మేడమ్‌గారిది ఇంకో చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు. సర్వీసు రిజిస్టరులో అత్తింటిది. పాన్‌కార్డు దగ్గర పొడి అక్షరాలు కుదరవంటే విప్పి రాశారు. ఆధార్ తీసిన కుర్రాడు ‘లక్ష్మి’లో ఇంగ్లీషు అక్షరాలు తనకి తోచినట్టు సర్దాడు. “నా బీరువాలో నలుగురు ఆడవాళ్లున్నారు మాస్టారూ. ఒకరికొకరు పరిచయం లేదు. లాకర్ తెరవడానికి వెళ్తే నలుగుర్నీ కలిపి తీసుకురమ్మన్నారు” అంటారావిడ.

మనిషిని ఆనవాలు పట్టడమే ఆవిడ ఉద్యోగంగా ఉండేది. ట్రంకు బుకింగు రోజుల్లో పీపీ కాల్ అని ఉండేది. ఫలానా మనిషే లైన్లోకి రావాలి, దానికి చార్జీ కాస్త ఎక్కువ. అవతల ఎత్తినవాడు తానే ఫలానా అంటే సరిపోదు. ఆపరేటరు గొంతు పసిగట్టాలి. తమ్ముడు అన్ననని చెప్పి మాట్లాడబోతే గుర్తుపట్టిన సందర్భాలు ఆవిడకి చాలా ఉన్నాయి. అలాంటావిడకి ఒకరోజు పోలీసు యూనిఫాం వేసుకున్న మనిషి వీడియో కాల్ చేసి, మీ పేరు మీద పార్శిల్లో మత్తుమందులు దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం అన్నాడు. “లైన్లో ఉండండి, కలుపుతున్నాను” అని చెప్పి ఫోను బల్లమీద బోర్లించి, ఆవిడ పప్పు తాలింపు పెట్టుకున్నారు. వంటయ్యాక చూస్తే వాడింకా లైన్లోనే ఉన్నాడట. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా అంత ఓపిక గల చందాదారుణ్ణి చూడలేదంటారు.

“ఇదంతా కొత్తేం కాదు” అన్నారు ఆవిడే ఓరోజు. “అశోకవనంలో సీతమ్మ చేసిన కేవైసీ చూడండి. రామదూతనంటే నమ్మేసిందా? ముందు రాముడి గుర్తులు చెప్పమంది. హనుమంతుడు తలనుంచి పాదాల దాకా వర్ణించాడు. తర్వాతే ఉంగరం. తిరిగి పంపేటప్పుడు తనకీ రాముడికీ మాత్రమే తెలిసిన కాకాసురుడి కథ చెప్పి, చూడామణి ఇచ్చింది. మనవాళ్లు సెక్యూరిటీ క్వశ్చన్ అంటున్నది దాన్నే.”

“శకుంతలకి మాత్రం ఓటీపీని చేప మింగేసింది” అన్నాడు బాబు.

“అది కాళిదాసు సంగతి. మనూరి నన్నయ్యగారి భారతంలో ఉంగరమూ లేదు, శాపమూ లేదు” అని మాస్టారు సర్దుకుని కూర్చున్నారు. వ్యాసుడి దారిలోనే నన్నయ కూడా. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది. లోకం ఏమంటుందోనని ఎరగనంటాడు. చివరికి ఆకాశవాణి సాక్ష్యం చెప్పాక గానీ ఒప్పుకోడు.

“కౌంటర్లో మనల్ని ముప్పై ఏళ్లుగా ఎరిగినవాడు తలెత్తకుండా ‘ఐడీ ఏదండీ’ అంటాడు చూడండి, అచ్చం అలాగే” అన్నారు గార్డుగారు. పదకొండో శతాబ్దపు కావ్యానికి ఇంత చక్కటి వ్యాఖ్యానం ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు.

కంప్యూటర్ ముందు కూర్చున్నా ఇదే పరీక్ష. 1950లో అలన్ ట్యూరింగ్ అవతల ఉన్నది మనిషా, యంత్రమా అని మనిషి తేల్చే పరీక్ష ఒకటి ప్రతిపాదించాడు. ఇప్పుడు యంత్రం కూర్చుని మనిషిని తేలుస్తోంది. ‘నేను రోబోను కాను’ అన్న గడిలో టిక్కు పెట్టి, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ ఏరాలి. స్తంభం కూడా లైటు కిందికి వస్తుందా రాదా అన్న దగ్గర మాస్టారు రెండుసార్లు తప్పారు. లెక్కల్లో వందకి వంద తెచ్చుకున్న మనిషి!

అయితే రోబో కాదని రుజువు చేసుకోవడం కంటే పెద్ద కష్టం శవం కాదని రుజువు చేసుకోవడం. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకి చెందిన లాల్ బిహారీ అప్పు కోసం వెళ్తే, రెవెన్యూ రికార్డుల ప్రకారం మీరు చనిపోయారన్నారు. భూమి బంధువుల పేర మారిపోయింది. 1975 నుంచి 1994 దాకా ఆయన కాగితం మీద శవమే. పేరు చివర ‘మృతక్’ అని తగిలించుకున్నారు. తన భార్యకి వితంతు పింఛను ఇమ్మని అర్జీ పెట్టారు. తనలాంటి వాళ్లతో మృతక్ సంఘం పెట్టారు. అమేఠీలో రాజీవ్ గాంధీ మీద ఎన్నికల్లో నిలబడ్డారు. ఓట్ల కోసం కాదు, అభ్యర్థిగా పేరెక్కితే బతికున్నట్టే కదా అని. 2003లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 2021లో ‘కాగజ్’ సినిమా వచ్చింది. ఈ కథ విన్న రోజు గార్డుగారు టీ కూడా తాగకుండా ఇంటికి వెళ్లిపోయారు. అది అక్టోబరు ఆఖరు.

నవంబరు వస్తే కేంద్ర పింఛనుదారులు తాము బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. 2014 నవంబరులో ఇందుకోసం జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2021 నుంచి ఫోన్లో ముఖం చూపిస్తే చాలు. బాబు గట్టుమీద బెంచీ దగ్గరే కార్యక్రమం పెట్టాడు. గార్డుగారు మంకీక్యాప్ తీశారు. కళ్లద్దాలు తీశారు. గోదావరి మీది ఎండ కొడుతుంటే మేడమ్ చీర కొంగు అడ్డం పట్టారు. ముఖం గుండ్రటి గీతలో ఇమిడింది. రెప్ప వేయండి అని ఫోను అడిగింది.

వేయరే! ముప్పై ఏళ్లు బ్రేక్‌వ్యాన్ లోంచి తల బయటపెట్టి, ఏ పెట్టె ఇరుసు పొగ కక్కుతోందో, స్టేషన్లో ఎవరు ఏ జెండా చూపిస్తున్నారో చూసిన కళ్లవి. “గార్డు రెప్పేస్తే బండి పోతుందండీ” అంటారు. ఒకసారి సమయం దాటింది. ఇంకోసారి రెండు కళ్లూ మూసి దణ్ణం పెట్టుకున్నట్టు ఉండిపోయారు. “కాస్త రెప్ప వేయండి గార్డుగారూ!” అని ముగ్గురూ అరిస్తే, ఆ కేకకి బెదిరి వేశారు. ఫోను సంతృప్తి పడింది. వచ్చే నవంబరు దాకా ఆయన బతికున్నట్టే.

ఇన్నేళ్లుగా రోజూ ఆయనతో టీ తాగిన ముగ్గురు పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్ల మాట ఎవరూ అడగలేదు. ఆ ఉదయమే ఆయన్ని మొదటిసారి చూసిన యాప్ మాట మాత్రం ఢిల్లీ దాకా చెల్లింది.

ఇంట్లో కేంద్ర పింఛను తీసుకునే పెద్దవాళ్లుంటే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ ముందే ఫోన్లో వేసి పెట్టండి. ఎనభై దాటినవాళ్లకి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది, నవంబరు దాకా ఆగక్కర్లేదు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదు. అలాంటి కాల్ వస్తే పెట్టేసి 1930కి ఫోన్ చేయండి. తాలింపు పని ఉంటే మాత్రం కాసేపు లైన్లో ఉంచొచ్చు.