“బండి రాకపోతే ఎలాగండీ?” – టీకా తాత్పర్య సహితము

మూలము

“ఈ రోజుల్లో బండి రాకపోతే ఎలాగండీ మాస్టారూ?”

అవతారిక

ఈ మహావాక్యం అపౌరుషేయం. వేదానికిలాగే దీనికీ కర్త లేడు, విన్నవాళ్లే ఉన్నారు. మా పల్లెలో దీని పఠనం పాలకేంద్రం దగ్గర, కిరాణా కొట్టు అరుగు మీద, పెళ్లి భోజనాల్లో పప్పుకీ పులుసుకీ మధ్య నిత్యం జరుగుతూనే ఉంటుంది. పాఠభేదాలు లేకపోలేదు. కొందరు ‘రాకపోతే’ అంటారు, కొందరు ‘నేర్చుకోకపోతే’ అంటారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగే శాఖవారు ‘ఎలాగండీ’ తీసేసి ‘కష్టమండీ’ అని పఠిస్తారు. అన్నిటి భావమూ ఒక్కటే కాబట్టి పాఠనిర్ణయం జోలికి పోను.

వ్యాఖ్యాతకు ఒక మర్యాద ఉంది. మన మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ టీక మొదలుపెట్టాడు. నేనలాంటి ప్రతిజ్ఞలేవీ చేయను. చేస్తే ఈ వ్యాసం ఈ పేరాతోనే అయిపోతుంది. ఆయనే భారవి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకి ‘ఘంటాపథం’ అని పేరు పెట్టుకున్నాడు. గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గమని అర్థం. నా వ్యాఖ్య వెళ్లేది పంచాయతీ రోడ్డు మీద. ఎదురుగా ట్రాక్టరు వస్తే మార్జిన్లోకి దిగక తప్పదు.

ప్రతిపదార్థము

సులభం. వదిలేస్తున్నాను. ఉద్యోగమంతా అదే రాయించాను, ఇక ఓపిక లేదు.

ఒక్క ‘ఎలాగండీ’ దగ్గర మాత్రం ఆగాలి. ఇది చూడ్డానికి ప్రశ్నలా ఉంటుంది గానీ ప్రశ్న కాదు. ఆలంకారికులు దీన్ని కాకువు అంటారు, గొంతు విరుపులో పుట్టే అర్థం. అడిగినవాడికి జవాబు అక్కర్లేదు. నమ్మకం లేకపోతే జవాబు చెప్పి చూడండి. “నాయనా, నాకు ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ ఆనదు. ఎదురొచ్చేది ఎంత దూరంలో ఉందో అంచనా చిక్కదు. నలభై దాటినవాడు లైసెన్సుకి ఫారం 1-ఏ మీద డాక్టరు సంతకం తేవాలి. డాక్టరు నా కన్ను చూసి ఫారం తిరిగిచ్చేశాడు” అని నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అవతలాయన శ్రద్ధగా విన్నాడు, తలూపాడు. “అలవాటైతే అదే వస్తుందండీ” అన్నాడు.

పూర్వపక్షము

ఇక్కడ లౌకికులు ఒక ఆక్షేపణ లేవదీస్తారు. “కన్ను సంగతి అలా ఉంచండి. ఈ ఊళ్లో నడిపేవాళ్లందరికీ లైసెన్సులున్నాయా ఏమిటి? ఓ టీవీఎస్ కొనుక్కోండి. దానికి లైసెన్సు అక్కర్లేదు.”

ఖండన. 1988 మోటారు వాహనాల చట్టం మూడో సెక్షను, లైసెన్సు లేనిదే బహిరంగ స్థలంలో ఏ మోటారు బండీ నడపరాదంటోంది. నాలుగో సెక్షను వయసు చెబుతోంది. పద్దెనిమిదేళ్లు నిండాలన్నది ఉత్సర్గం, అంటే సాధారణ నియమం. ఇంజను యాభై సీసీ దాటని మోటారు సైకిలైతే పదహారు చాలన్నది అపవాదం, అంటే మినహాయింపు. వ్యాకరణం వాసన తగిలినవాడెవడైనా చెబుతాడు, అపవాదం తన మేర వరకే ఉత్సర్గాన్ని బాధిస్తుందని. ఇక్కడ సడలించింది వయసుని, లైసెన్సుని కాదు. పైగా ఇప్పుడు ఊళ్లో గడ్డిమోపులు మోస్తున్న ఎక్సెల్ హండ్రెడ్ ఇంజను దాదాపు వంద సీసీ. దానికి ఆ అపవాదమూ అందదు. లైసెన్సు లేకుండా నడిపితే 181వ సెక్షను కింద ఒకప్పుడు 500 రూపాయలు, 2019 సెప్టెంబరు 1 నుంచి 5,000. మైనరు చేతికి బండిస్తే 199-ఏ కింద పెద్దవాళ్లకి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

ఇదంతా కొట్టు అరుగు మీద వివరించాను. ఒక పెద్దమనిషి మెచ్చుకోలుగా చూసి, “చట్టం ఇంత చదివారు గనకే మీకు బండి రాలేదు” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే ఆయన తన మనవణ్ణి పిలిచి, “ఒరేయ్, రిజర్వులో పడింది, వెళ్లి ఓ వంద కొట్టించుకురా” అని తాళంచెవి చేతిలో పెట్టాడు. పిల్లాడు తొమ్మిదో తరగతి. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందవని బండిని ఓ పక్కకి ఒరగేసి ఎక్కాడు.

కాబట్టి ‘లైసెన్సు లేనివాడు’ అన్న లక్షణానికి అతివ్యాప్తి దోషం పడుతోంది. ఊళ్లో సగం మంది అందులోకి వచ్చి కూర్చుంటారు. ‘లైసెన్సు లేక, ఆ లేమి కారణంగానే నడపనివాడు’ అని పరిష్కరించుకుంటే దోషం పోతుంది. అప్పుడు లక్ష్యంగా నేనొక్కణ్ణే మిగులుతాను. ఎలాగండీ అని అడిగేది ఆ ఒక్కణ్ణే.

విశేషాంశము

వెనక సీట్లో కూర్చోవడం అప్రతిష్ఠ అని ఎప్పటినుంచి వచ్చిందో గానీ ఇతిహాసాల్లో లేదు. దశరథుడికి సుమంత్రుడు, ఇంద్రుడికి మాతలి, అర్జునుడికి సాక్షాత్తూ కృష్ణుడు. వీళ్లలో ఎవరినీ ఎవరూ ఎలాగండీ అనలేదు. సూర్యుడి బండి సంగతి సరే సరి. ఒకటే చక్రం, ఏడు గుర్రాలు, తొడలే లేని అనూరుడు సారథి. ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరు దానికి ఫిట్‌నెస్ ఇస్తాడు? అయితే లైసెన్సు పరీక్షలో ట్రాకు మీద ఎనిమిది వేయమంటే మాత్రం అనూరుడు మొదటి విడతలోనే గట్టెక్కుతాడు. కాలు కింద పెట్టకుండా వేయాలన్నదే కదా నియమం.

ఇంతమందిలో నా ఇష్టదైవం అయోధ్య రాజు ఋతుపర్ణుడు. ఆరణ్యపర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుకి చెప్పిన నలుడి కథలో వస్తాడు. శృంగారనైషధం చదివి నలుణ్ణి ఎరిగినవాళ్లకి ఈయన తెలియకపోవచ్చు. శ్రీనాథుడి కథ పెళ్లి ముచ్చట్లతోనే ఆగిపోతుంది, కష్టాల దాకా రాదు. కష్టాలు వస్తేగానీ నలుడు పగ్గాలు పట్టడు, ఋతుపర్ణుడు వెనక ఎక్కడు.

విదర్భలో దమయంతికి మళ్లీ స్వయంవరం, అదీ రేపు తెల్లవారే. అయోధ్య నుంచి ఒక్క రోజులో చేరాలి. దిక్కు గుర్రాల సావిడిలో కొలువున్న బాహుకుడనే కురూపి, అంటే రూపం మారిన నలుడే. అతను బక్కచిక్కిన గుర్రాల్ని ఏరి తెచ్చి కట్టాడు. రాజు సణిగాడు. ఇవే వెళతాయి, కాదంటే వేరేవి కడతానన్నాడు బాహుకుడు. గుర్రాల సంగతి నీకే తెలుసు, నీ ఇష్టమన్నాడు రాజు. పరాధీన ప్రయాణంలో మొదటి పాఠం ఇది, బండి మీద వ్యాఖ్య చేయరాదు.

కొంత దూరం పోయాక రాజు ఉత్తరీయం గాలికి జారిపోయింది. ఆపు, రథంలోనే ఉన్న మరో సారథి వార్ష్ణేయుడు దిగి తెస్తాడన్నాడు. అది ఎప్పుడో యోజనం వెనక పడిపోయింది, ఇక దొరకదన్నాడు సారథి. చిన్నబుచ్చుకున్నాడో ఏమో, దారిలో తాండ్ర చెట్టొకటి కనబడగానే రాజు తన విద్య చూపించాడు. రాలిన ఆకులెన్ని, కాయలెన్ని, కొమ్మల మీద ఉన్నవెన్ని అన్నీ కూర్చున్న చోటినుంచే చెప్పేశాడు. ఉత్తరీయానికి ఆగని రథం ఇప్పుడు ఆగింది! లెక్క సరిచూడాల్సిందేనని బాహుకుడు కిందికి దిగాడు. ఆలస్యమవుతోందయ్యా అన్నాడు రాజు. ఆగితే ఆగండి, తొందరైతే ఈ వార్ష్ణేయుడు తోలుతాడు, దారి బాగానే ఉంది, వెళ్లండి అన్నాడు సారథి. అప్పుడు కోసలాధీశుడు, శత్రువుల్ని గడగడలాడించినవాడు, ఏం చేశాడు? నీలాంటి సారథి భూమ్మీద లేడయ్యా, నిన్ను నమ్ముకునే బయల్దేరానని బతిమాలాడు.

నా దృష్టిలో భారతంలో ఇంతకన్నా నిజమైన ఘట్టం లేదు. సారథి చెట్టు కింద చేరి లెక్కపెట్టాడు, రాజు రథంలో కూర్చుని చూశాడు. పెళ్లివేళ మించిపోతున్నా చూశాడు. తర్వాత ఋతుపర్ణుడు పాచికల, లెక్కల విద్య అయిన అక్షహృదయాన్ని అక్కడికక్కడే ఇచ్చాడు. దానికి బదులుగా రావాల్సిన గుర్రాల విద్య అశ్వహృదయాన్ని నలుడి దగ్గర దాచే ఉంచి, తర్వాత తీరిగ్గా పుచ్చుకున్నాడు. పగ్గాలు రాకపోయినా ఇచ్చిపుచ్చుకోవడానికి ఆయన దగ్గర ఒక విద్య ఉంది గనక ఆ ప్రయాణం ఆయన పరువు తీయలేదు.

కథలోంచి మా ఊరికి వద్దాం. ఎక్కడున్నాం? అడ్డరోడ్డు మీద, సర్వీసు ఆటోలో ఉన్నాం. అది ఇంకా కదల్లేదు.

మా ఆటో అబ్బాయికి రెండు విద్యలూ వచ్చు. బండి తోలడమూ వచ్చు, తల తిప్పకుండా తలకాయలు లెక్కపెట్టడమూ వచ్చు. వెనక సీట్లో నలుగురు, వాళ్ల మోకాళ్లకి ఎదురుగా చెక్కమీద ముగ్గురు, డ్రైవరుకి అటొకరు ఇటొకరు. ఇంకా ఒకరు తక్కువయ్యారని అతని లెక్క. “బయల్దేరుతున్నాం మాస్టారూ” అంటాడు. వర్తమానానికి దగ్గర్లో ఉన్నదాన్ని వర్తమానంగానే చెప్పవచ్చని పాణిని అనుమతి ఇచ్చాడు. ఎంత దగ్గరో చెప్పలేదు. ఆ సందు చాలు. తీరా బయల్దేరాక చెరువుగట్టు మీద వాళ్ల బావమరిది కనిపిస్తాడు. బోరు మోటారు కాలిపోయిన వైనమంతా ఆటో ఆపి వింటాడు. ఎవరైనా గొణిగితే, “అర్జెంటైతే అదిగో, ఆ బండికి వెళ్లిపోండి” అని వెనక వస్తున్న కోళ్లవాహనాన్ని చూపిస్తాడు. వాడే మన వార్ష్ణేయుడు. నేను మాత్రం గొణగను. “నీలా తోలేవాడు మండలంలో లేడురా” అంటాను. ఋతుపర్ణ సంప్రదాయం.

ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఛందస్సు. అతని కూతురి ఓణీల ఫంక్షనుకి శుభలేఖలో సీసపద్యం రాసిచ్చాను, గణం తప్పకుండా, పిల్ల పేరు వచ్చేలా. కొన్నాళ్లు ముందు సీటు నాది. తర్వాత ఫోన్లో పేరు కొడితే పూలతో, పాటతో సహా కార్డు తయారయ్యే రోజులొచ్చాయి. ఇప్పుడు వెనక చెక్క మీద పాలక్యాన్లతో కలిసి కూర్చుంటున్నాను.

శల్యసారథ్యము

లిఫ్టు గురించి రెండు ముక్కలు. నా పాత శిష్యులు దారిలో కనిపిస్తే ఆపకుండా పోరు. అది వాళ్ల సంస్కారం, ఎన్నిసార్లయినా దణ్ణం పెడతాను. కానీ ఇప్పటి బండ్లకి వెనక సీటు ముందుదానికంటే ఎత్తు. పంచె ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని ఆ శిఖరం మీద కూర్చున్నాక పట్టుకోవడానికి మిగిలేది శిష్యుడి భుజాలే. బండి గేరు మారుతుంది, మూలవాక్యం మొదలవుతుంది. గాలికి సగం మాటలు ఎగిరిపోయినా సారాంశం చెవిన పడుతూనే ఉంటుంది. దెప్పుతూ రథం తోలిన శల్యుడికి కర్ణుడు కనీసం ఎదురు చెప్పాడు. నాకు ఆ వీల్లేదు. ఎక్కించుకున్నవాణ్ణి ఏమనగలం?

ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఇలాగే వెళ్లాను. బతికున్నానని రుజువు చేసుకోవడానికి వెళుతూ, హెల్మెట్ లేకుండా, స్పీడ్ బ్రేకర్ దగ్గర గాల్లోకి లేచాను.

నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. మా ఆవిడకి అర్ధరాత్రి ఆయాసం వస్తే 108కి ఫోను చేశాం. వచ్చింది, జాగ్రత్తగా తీసుకెళ్లింది. వాళ్లకి రుణపడి ఉన్నాం. మర్నాడు డిశ్చార్జి చేశాక ఇంటికి రావడానికి మాత్రం నా దగ్గర ఏ నంబరూ లేదు. ఆస్పత్రి గేటు దగ్గర ఆమెని సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, ఎవరిని అడిగితే కాదనరో, ఎవరిని ఇప్పటికే ఎక్కువసార్లు అడిగామో లెక్కలు వేసుకున్నాను. ఆ లెక్కకి ఏ అక్షహృదయమూ అక్కరకు రాదు. ఒకాయన కారు తెచ్చాడు. దారిపొడుగునా ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మా గుమ్మం ముందు దింపుతూ అడిగాడు, ఈ రోజుల్లో ఎలాగండీ అని.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి బస్సు ఉచితం. మా ఆవిడ ఆధార్ కార్డు పర్సులో సిద్ధంగా పెట్టుకుంది. బస్సు వచ్చే అడ్డరోడ్డు నాలుగు కిలోమీటర్లు. అక్కడిదాకా ఆటోకి ఇరవై, తిరిగి రావడానికి ఇరవై.

తాత్పర్యము

మా ఊరికి పొద్దున ఏడున్నరకి ఒక బస్సు, సాయంత్రం ఐదున్నరకి ఒక బస్సు కావాలి. ఒకప్పుడు ఉండేవి. కరోనాలో ఆగాయి, మళ్లీ రాలేదు. పొద్దునది టైముకి రావాలి, హైస్కూలు పిల్లలుంటారు. సాయంత్రంది కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాం. మా ఆవిడకి ఎలాగూ ఉచితమే, నేను టికెట్టు కొంటాను.