మీ కుక్కది ఏ జాతండీ?

కుక్కని వ్యానులో ఎక్కించుకుని కోస్తా వెంట తిరగాలనుకునేవాళ్లకి ఒక ఉచిత సలహా. పరుపు, గ్యాసుపొయ్యి, నీళ్ల డబ్బా తర్వాత సర్దుకోవచ్చు. ముందు కుక్కకి ఒక జాతి చూసుకోండి. మా బూచిగాడికి అది లేదు. చెత్తకుండీ పక్కన దొరికిన సిసలైన ఊరకుక్క. ఒక చెవి నిలబడుతుంది, రెండోది ఇంకా ఆలోచిస్తోంది.

భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. అక్కడ డచ్చివాళ్ల సమాధులు చూడ్డానికొచ్చిన ఓ పెద్దమనిషి, సమాధుల్ని వాటి మానాన వదిలేసి మా వ్యానులోకి తొంగి చూశాడు.

"లాబ్రడారా?"

"కాదండీ."

"హస్కీనా?"

"ఊరకుక్కండీ."

అల్లుడి ఉద్యోగం పర్మినెంటు కాదని పెళ్లయ్యాక తెలిసిన మామగారి మొహం పెట్టాడాయన. "ఇంత వ్యానులో ఊరకుక్కా!"

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డుని సముద్రం కొరుకుతుంది, మనవాళ్లు రాళ్లు పోస్తారు, సముద్రం వాటినీ సర్దుకుంటుంది. ఇంత నమ్మకంగా జరిగే ప్రభుత్వ కార్యక్రమం ఇంకోటి లేదు. ఉప్పాడలో ఆరేసిన వలల పక్కన ఆపామో లేదో, చేపల గంప దించి ఒకావిడ నిలదీసింది: "మా ఊరి కుక్కని ఎక్కడికి ఎత్తుకుపోతన్నారయ్యా?" కాదని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటికీ అనుమానం తీరక, రెండు ఎండు నెత్తళ్లు పడేసి వాడి చెవిలో ఏదో చెప్పి పోయింది. మొత్తం ప్రయాణంలో వాణ్ని మనిషిలా చూసింది ఆవిడొక్కతే.

అంతర్వేది నరసింహస్వామికి వాడు వీధిలోంచే దండం పెట్టాడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కబోతే ధర్మసందేహం: కుక్కని ఏ పద్దు కింద రాయాలి? టికెట్లిచ్చే కుర్రాడు పెన్ను చెవిలో దోపుకుని, "కాళ్లు నాలుగే కదండీ, మేకనుకుందాం" అన్నాడు. గోదావరి దాటినంతసేపూ బూచిగాడు మేక. నర్సాపురంలో దిగాక మళ్లీ కుక్క. పార్టీ మారడానికి మన నాయకులకి ఆపాటి నీళ్లు కూడా అక్కర్లేదు.

బందరులో లాడ్జి గుమస్తా తల అడ్డంగా ఊపాడు. "కుక్కలకి రూములివ్వం సార్." సరిగ్గా అప్పుడే ఎవరో కుర్రాళ్లు తప్పతాగి మెట్ల మీద కక్కుతున్నారు. వాళ్ల సంగతేమిటన్నాను.

"వాళ్లకి ఆధారుంది సార్." కాసేపాగి, దయతలిచి, "జాతి కుక్కయితే ఓనరుగారిని అడిగి చూసేవాణ్ని" అన్నాడు. ఆ రాత్రి వ్యానులోనే. బందరు లడ్డుకి జీఐ గుర్తింపుంది. ఖాళీ డబ్బా నాకినవాడికి ఏ గుర్తింపూ లేదు.

చీరాల దాటాక మోటుపల్లి. కాకతీయుల కాలంలో పెద్ద ఓడరేవు. తుపానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే పాత రాజులు ఊడ్చుకుపోయేవారట. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు: సుంకం తప్ప ఇంకేదీ ముట్టను, ధైర్యంగా రండి అని. ఏ దేశమో, ఏ భాషో తెలియని వర్తకుడికి రాజు ఇచ్చిన పూచీ అది. లాడ్జి గుమస్తా ఇంకా కఠినమైన ప్రభువు.

ఇదంతా బూచిగాడికి వివరిస్తుంటే, గుడి అరుగు మీంచి ఓ ముసలాయన లేచొచ్చాడు. శాసనం కథ చెబుతాడేమోనని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వ్యానుని చూశాడు, కుక్కని చూశాడు, నన్ను ఎగాదిగా చూశాడు.

"కుక్కది ఏదైతేనేంలే గానీ బాబూ, ఇంతకీ తమరేవిట్లు?"