తాతగారి నడక: వినకూడని సలహాలు

"ఈ వయసులో నడకేవిటండీ, కూర్చోబెట్టండి." అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ అరుగు మీద కూర్చున్నా వినబడే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ కూర్చోబెట్టిన కొద్దీ తొడల్లో కండ తరుగుతుంది, అడుగు తడబడుతుంది. పడతారేమోనన్న భయంతో మనం ఇంకా కూర్చోబెడతాం. ఆ పని చేసేముందు ఒక్కసారి ఆ నడకని కొలవండి. టేపు, సెల్‌ఫోన్‌లో గడియారం చాలు. కొలుస్తుంటే కూడా సలహాలొస్తాయి.

"కొబ్బరితోటలో కొలవండి, చల్లగా ఉంటుంది." బోదెలూ, రాలిన మట్టలూ ఉన్నచోట వద్దు. వసారా మేలు.

"గబగబా నడవమనండి, సత్తా తెలుస్తుంది." రోజూ నడిచే తీరులోనే నడవమనాలి. నేల మీద 4 మీటర్ల ఎడంతో రెండు గీతలు గీయండి. మొదటి గీతకి రెండడుగుల ముందే బయల్దేరనిచ్చి, ఆ గీత నుంచి రెండో గీత దాటేదాకా ఎన్ని సెకన్లో చూడండి. సెకనుకి మీటరు కంటే తగ్గితే నెమ్మది నడక అని ఆసియా వైద్యనిపుణుల బృందం 2019లో నిర్ణయించింది. అంటే 4 సెకన్లు దాటకూడదు.

"కర్ర పక్కన పెట్టించండి." రోజూ కర్రతో నడిచే మనిషిని కర్రతోనే కొలవాలి.

"పడక్కుర్చీలోంచి లేపి చూడండి." లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష ఒకటి 1991 నుంచీ ఉంది. 12 సెకన్లు పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. దానికి మామూలు చేతుల కుర్చీ కావాలి. పడక్కుర్చీ లోతులోంచి లేవడానికి కుర్రాళ్ళే అవస్థపడతారు.

"మాట్లాడిస్తూ నడిపించండి, ధైర్యంగా ఉంటారు." నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ సలహానే. 1997లో స్వీడన్ పరిశోధకులు 58 మంది వృద్ధులతో నడుస్తూ మాట్లాడారు. జవాబు చెప్పడానికి 12 మంది ఆగిపోయారు. ఆర్నెల్లలో వాళ్ళలో 10 మంది పడ్డారు. నడక మీదే మనసంతా పెట్టాల్సి వచ్చేవాళ్ళకి మాటకి చోటు మిగలదు. అయితే మన వీధుల్లో "ఏవండోయ్, ఎక్కడికీ?" అంటే ఆగి, "ఆయ్, ఇక్కడికేనండి" అనడం మర్యాద. అలా ఆగితే దాన్ని జబ్బనుకోకండి. ఇంట్లో, కోడలు పక్కనే నడుస్తూ "మావయ్యగారూ, కాఫీ తాగారా?" అన్నప్పుడు కూడా ప్రతిసారీ ఆగిపోతున్నారా? అది గమనించండి. సెకన్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఇంట్లో అందరూ మాట ఆపాలి.

"పక్కింటి తాతగారు ఇంకా చలాకీగా ఉన్నారు, ఆయనతో పోల్చండి." ఈయన్ని ఈయనతోనే పోల్చాలి. నెలకోసారి, అదే వసారాలో, అవే చెప్పులతో రెండుసార్లు నడిపించి సెకన్లు క్యాలెండర్ మీద రాయండి. వేగం సెకనుకి 10 సెంటీమీటర్లు తగ్గినా అది చిన్న మార్పు కాదు. దాని వెనక కారణం ఉండొచ్చు: బీపీ మందు ఎక్కువై లేవగానే తల తిరుగుతోందేమో, కంట్లో శుక్లం ముదిరిందేమో, మోకాలు నొప్పి చెప్పకుండా దాస్తున్నారేమో. ఆ క్యాలెండర్ కాగితం మందుల చీటీతో కలిపి డాక్టరుగారి ముందు పెట్టండి.